నిండు నిమిషం

మోటార్లు చుట్టే కొట్టులో లెక్క మధ్యలో ఎవరూ పలకరించరు. పలకరించినా జవాబు రాదు. వచ్చినా "నలభై మూడు, ఉండండి, నలభై నాలుగు" అని వస్తుంది. కాలిపోయిన మోటారు విప్పి, లోపలి గాడుల్లోంచి మాడిన రాగి తీగ లాగి, ఎన్ని చుట్లున్నాయో చూసి, అన్నే చుట్లు కొత్త తీగ ఎక్కించడం ఆ తండ్రీకూతుళ్ళ పని. ఇరవై నాలుగు గాడులున్న మోటారుకి ఇరవై నాలుగూ లెక్కపెడుతూ కూర్చునే తీరిక ఎవరికుంది? "ఒక్క గాడి లెక్క సరిగ్గా పట్టుకో. మిగతావన్నీ దాని అక్కచెల్లెళ్ళే" అని తండ్రి ఆమెకు పదహారో ఏట చెప్పాడు. పన్నెండేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ తండ్రికి గుండె బైపాస్ ఆపరేషన్ అయింది. రెండు రోజులు అంతా సవ్యంగానే నడిచింది. కాలిలోంచి తీసిన రక్తనాళాన్ని గుండెకు కుట్టారని విని, "అయితే తీగ మార్చారన్నమాట" అని నవ్వాడు. నవ్వితే కుట్లు లాగుతాయని దిండు ఛాతీకి అదుముకుని మరీ నవ్వాడు.

మూడోరోజు మధ్యాహ్నం మంచం పక్కన గుండె కొట్టుకోవడం చూపించే తెర మీద ఆకుపచ్చ గీత దారి తప్పింది. అప్పటిదాకా బారులు తీరినట్టు సమానంగా నడిచిన గీతలు ఒకచోట గుంపుగా, ఒకచోట ఎడంగా పడసాగాయి. అంకె నూట నలభై దాటింది. తండ్రి నుదుటి మీద చెమట పట్టింది. "లోపల ఎవరో పరిగెత్తుతున్నట్టుందమ్మాయ్" అన్నాడు నెమ్మదిగా. కూతురు పిలిచేలోపే నర్సమ్మ వచ్చింది, ఆమె వెనకే డాక్టరమ్మ.

మందు ఎక్కించడం మొదలుపెట్టాక డాక్టరమ్మ కూతుర్ని వరండాలోకి తీసుకెళ్ళింది.

"గుండెలో పై గదులు రెండూ సరిగ్గా కొట్టుకోవడం మాని వణుకుతున్నాయి. బైపాస్ తర్వాత చాలామందికి ఇలా అవుతుంది. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది."

"సర్దుకుంటే ఇక భయం లేనట్టేనా?"

"నీకు అబద్ధం చెప్పను. ఒకసారి వచ్చింది మళ్ళీ చడీచప్పుడు లేకుండా రావచ్చు. అలా వచ్చి ఉండిపోతే రక్తం ఆ గదుల్లో నిలిచి గడ్డ కడుతుంది. గడ్డ మెదడుకెళ్తే పక్షవాతం. ఇది రానివాళ్ళకంటే వచ్చినవాళ్ళకి ముందు ముందు ప్రాణం మీదికి రావడం ఎక్కువ. కానీ తొందరగా కనిపెడితే చెయ్యగలిగింది చాలా ఉంది. ఇంట్లో చూసుకునేదెవరు?"

"నేనే."

తెల్లవారేసరికి గీత మళ్ళీ బారులు తీరింది. ఇంటికి పంపే రోజున నర్సమ్మ తండ్రి మణికట్టు మీద కూతురి వేళ్ళు పెట్టించింది. "రోజూ పొద్దున్నే ఇలా పట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టు. ఎన్నిసార్లు కొట్టిందన్నదే కాదు, ఎలా కొట్టిందో కూడా చూసి రాయి. తెలిసిందా?"

"తెలిసింది."

లెక్కపెట్టడం తనకి ఒకరు నేర్పాలా అనుకుంది కూతురు.

ఇంట్లో రెండు అధికారాలు ఏర్పడ్డాయి. నాడి కూతురిది, మాత్రలు మేనత్తవి. అత్త తమ్ముడికి అన్నం పెట్టినంత శ్రద్ధగా మాత్ర పెట్టి, నీళ్ళు తాగించి, నోరు తెరిపించి నాలుక కింద చూసేది.

"అక్కా, నాకు అరవై రెండేళ్ళు."

"నాకు అరవై ఎనిమిది. తెరువు నోరు."

"మింగానంటున్నాగా!"

"చిన్నప్పుడు ఆముదం కూడా మింగానన్నావు. పెరట్లో మొక్క చచ్చిపోయింది."

కూతురు గోడ గడియారం ముందు తండ్రిని కూర్చోబెట్టి నాడి చూసేది. మొదటిరోజు ఇరవై దాకా లెక్కపెట్టేసరికి ఆయన అడిగాడు. "ఎంతసేపే?"

"నిమిషమట."

"నిమిషం దేనికి? పావు నిమిషం పట్టి నాలుగుతో హెచ్చవెయ్యి. నేను నేర్పిందేంటి?"

ఆమె నవ్వి అలాగే చేసింది. పద్దెనిమిది. నాలుగు పద్దెనిమిదులు డెబ్బై రెండు. నోటుపుస్తకంలో వేసుకుంది. మరునాడు డెబ్బై ఆరు. ఆ మరునాడు అరవై ఎనిమిది. పుస్తకం ముచ్చటగా నిండుతోంది. నాలుగో వారంలో ఒకటి రెండుసార్లు వేళ్ళ కింద ఒక దెబ్బ ఆలస్యమైనట్టు, వెంటనే ఇంకోటి దాన్ని తోసుకొచ్చినట్టు అనిపించింది. తీగ చుట్టేటప్పుడు వేలు జారినట్టే ఇక్కడా జారిందనుకుంది. మళ్ళీ సరిగ్గా పట్టుకుంటే పదిహేను సెకన్లలో పంతొమ్మిది వచ్చాయి. డెబ్బై ఆరు వేసింది.

ఐదో వారంలో తండ్రి కొట్టు ముందు మూడు మెట్లెక్కి కూర్చుండిపోయాడు. నిన్నటిదాకా పక్క వీధి మలుపుదాకా నడిచిన మనిషి.

"ఒళ్ళు బరువెక్కింది" అన్నాడు.

కూతురు పుస్తకం తెరిచి చూపించింది. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి నాన్నా. ఎండకి అయ్యుంటుంది."

ఆరో వారం ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పిండిమర ఆయన మోటారు మోసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మర ఆగిపోయింది, జనం తిడుతున్నారు, సాయంత్రానికి కావాలన్నాడు. తండ్రికీ వెళ్ళబుద్ధి కాలేదు. "పుస్తకం బాగానే ఉందిగా. వచ్చే వారం వెళ్దాం లేమ్మాయ్."

కూతురు తటపటాయించింది. అత్త మాత్రం చెప్పులేసుకుని వీధిలో నిలబడి ఉంది.

"ఆపరేషన్ పుస్తకానికి చేశారా, వాడికి చేశారా? మెట్లెక్కలేనివాడు వాడు. పుస్తకం ఎక్కుతుందేమో అడుగు! ఏమయ్యా, మీ పిండి రేపు ఆడితే పురుగు పడుతుందా?"

పిండిమర ఆయన మోటారు అక్కడే దింపి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో ఆ నర్సమ్మే ఉంది. పుస్తకం తీసుకుని వేలు కిందికి జరుపుతూ వచ్చింది. ఒకచోట ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"డెబ్బై రెండు, డెబ్బై ఆరు, అరవై ఎనిమిది, ఎనభై... అన్నీ నాలుగో ఎక్కంలోనే ఉన్నాయేంటమ్మా?"

కూతురికి చెవులు వేడెక్కాయి. నర్సమ్మ పుస్తకం మూసేసింది. తండ్రి మణికట్టు పట్టుకుని, తన చేతి గడియారం చూస్తూ, నిమిషం నిండా మాట్లాడకుండా నిలబడింది. ఆ నిమిషం కూతురి జీవితంలో అన్నిటికన్నా పొడుగు నిమిషం. తర్వాత నర్సమ్మ తండ్రిని పడుకోబెట్టి ఛాతీకి తీగలు అంటించింది. కాగితం మీద గీతలు ఒకచోట గుంపుగా, ఒకచోట ఎడంగా పడ్డాయి.

డాక్టరమ్మ ఆ కాగితం చూసి అడిగింది. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

కూతురు పుస్తకం వంక చూసింది. నలభై రోజుల అంకెలున్నాయి, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు లేదు. "నేను పావు నిమిషమే చూశానండీ" అంది. "నాలుగో వారంలో తేడా అనిపించింది. వేలు జారిందనుకున్నాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది కూతురికి.

"చిన్న కరెంటు దెబ్బతో గుండెని మళ్ళీ దారిలో పెట్టొచ్చు. నిద్రపుచ్చే చేస్తాం, నొప్పి తెలీదు. కానీ లోపల గడ్డ ఉంటే ఆ దెబ్బకి కదిలి మెదడుకెళ్తుంది. అందుకని ఇప్పుడొకటే ప్రశ్న. రక్తాన్ని పలచబరిచే మాత్ర గత మూడు వారాల్లో ఒక్కపూటైనా తప్పిందా? నిజం చెప్పండి."

అత్త కొంగులోంచి ఖాళీ మాత్రల అట్టల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఒక్కొక్క ఖాళీ గుంట వెనకా రోజు పేరు, పొద్దున, సాయంత్రం అని గుర్తులు.

"తప్పడమా? వాడి నాలుక కింద నాకు తెలిసినంత మీకు కూడా తెలీదు డాక్టరమ్మా."

డాక్టరమ్మ అట్టలన్నీ తిప్పి చూసింది. మొదటిసారి నవ్వింది. "ఈ పెద్దావిడ్ని నేను ఇక్కడ ఉద్యోగంలో పెట్టుకుంటాను."

అయినా మరునాడు గొంతులోంచి గొట్టం దింపి లోపల గడ్డ లేదని చూసుకున్నాకే మొదలుపెట్టారు. కూతురు వరండాలో బల్ల మీద కూర్చుంది. అత్త పక్కనే కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. లోపల్నుంచి ఏ చప్పుడూ రాలేదు. అరగంటకి నర్సమ్మ తలుపు తీసి, రమ్మని తల ఊపింది.

తెర మీద గీతలు సమానంగా నడుస్తున్నాయి. తండ్రి కళ్ళు సగం తెరిచి ఉన్నాయి.

"కరెంటు పెట్టారటగా" అన్నాడు మత్తుగా. "ఎన్ని వోల్టులో అడిగావా?"

కూతురికి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. "నాన్నా, నేను పావు నిమిషమే లెక్కపెట్టాను. నర్సమ్మ నిమిషమని చెప్పినా..."

"చెప్పింది నేనేగా" అన్నాడాయన. "మోటారంటే మనం చుట్టింది. ఏ గాడిలో ఏముందో మనకి తెలుసు. ఇది ఎవరు చుట్టారో, ఎట్లా చుట్టారో! దీని దగ్గర నా తెలివి చూపించాను. తప్పు సగం నాది. మిగతా సగం కూడా నాకే ఇచ్చెయ్, మంచం మీద పడుకుని చేసే పనేం లేదు."

అప్పట్నుంచి కొట్టు ఆలస్యంగా తెరుచుకునేది. నాడి చూస్తున్నంతసేపూ గుమ్మంలో ఎవరొచ్చినా అత్త వేలు చూపించి ఆపేసేది. కూతురు అంకె పక్కన మాటలు కూడా రాయడం మొదలుపెట్టింది. సాఫీగా ఉంది. సాఫీగా ఉంది. ముప్పై దగ్గర ఒకటి తొందరపడింది, మళ్ళీ సర్దుకుంది. ఆ ఒక్కటి రాసిన రోజున ఫోన్ చేసి అడిగితే డాక్టరమ్మ, అప్పుడప్పుడు ఒకటి అలా పడుతుంది, కంగారు లేదంది. మూడు నెలలు దాటాయి. తండ్రి మెట్లెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి చూపించాడు, ఎవరూ అడగకుండానే.

నాలుగో నెల చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు గీత సవ్యంగా వచ్చింది. ఒక మాత్ర తగ్గించారు. రక్తాన్ని పలచబరిచేది మాత్రం ఇంకొన్నాళ్ళు ఉండాలన్నారు. కూతురు చీటీ కోసం వరండాలో నిలబడి ఉంటే, ఆమె ఈడు మనిషి ఒకామె గోడకి ఆనుకుని, చేతిలో కొత్త నోటుపుస్తకం పట్టుకుని కనిపించింది. భర్తకి ఆపరేషన్ అయి మూడోరోజట. పొద్దున గుండె లయ తప్పిందట.

"మీకూ ఇలాగే అయిందని నర్సమ్మ చెప్పింది" అందామె. "మీ నాన్నగారు... ఉన్నారా?"

వరండా చివర గొడవ వినిపిస్తోంది. బరువు తూచే యంత్రం మీద నిలబడి తండ్రి, అది రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోందని, విప్పితే తప్పెక్కడో తానే చెబుతానని వాదిస్తున్నాడు. తప్పు యంత్రంలో లేదు, నీ పొట్టలో ఉందని అత్త అంటోంది.

"అదిగో, ఆ అరిచేది ఆయనే" అంది కూతురు. ఆమె చేతిలో పుస్తకం తీసుకుని, పక్కనే బల్ల మీద చోటు చూపించింది. "ఇలా కూర్చోండి. మీ చెయ్యి ఇటివ్వండి. ముందు నా నాడి మీద నేర్చుకుందురుగాని."