మహానది ఒడ్డున రెండు రోజులు

దేవీప్రసాద్ ముప్పై నాలుగేళ్లు విశాఖ పోర్టులో క్రేన్ నడిపాడు. రిటైరైన ఏడాదికి ఒక పాత వ్యాను కొని, వెనక సీట్లు తీయించి, పరుపు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డబ్బాలు పట్టేలా బల్లలు కొట్టించాడు. జైసల్మేర్ దాకా వెళ్లి రావాలని ఆయన ఆశ. భార్య గౌరీశ్వరి మొదట నవ్వేసింది. తరవాత తనే ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి బండిలో పెట్టింది.

మూడో రోజు మధ్యాహ్నానికి జగదల్‌పూర్ దాటి చారామ దగ్గర మహానది చేరారు. జనవరి నెల కావడంతో నదిలో ఇసకే ఎక్కువ, నీళ్లు తక్కువ. మట్టిదారిలో దిగి ఒడ్డున చెట్ల కింద బండి ఆపారు. పక్కన వంగతోటకి నీళ్లు కడుతున్న రైతును రాత్రికి ఇక్కడ ఉండొచ్చా అని అడిగితే, ఉండండన్నట్టు చెయ్యి ఊపాడు.

"మహానది అంటే ఏటో అనుకున్నాను. మన శారదా నదంతేనా?" అంది గౌరీశ్వరి.

"ఇక్కడింకా సిన్నది. కటక్ దగ్గర సూడాలి" అంటూ ఆయన టీ పెట్టాడు. గ్లాసులోకి ఒంపుతుంటే టీ అందులో కాక పక్కన బల్ల మీద పడింది. పడుతూనే ఉంది. ఆవిడ చెప్పేదాకా ఆపలేదు. నిన్న కూడా ఇలాగే ఒలికితే అలసట అనుకుంది.

కాసేపయ్యాక నీళ్లలో రాళ్ల మీదుగా అవతలికి వెళదామన్నాడు. మొదటి రాయి మీద వేయాల్సిన అడుగు దానికి జానెడు ఇవతల నీళ్లలో వేసి, మోకాళ్ల మీద కూలబడ్డాడు. గౌరీశ్వరి నవ్వబోయి ఆగిపోయింది. అంత ఎత్తు కేబిన్‌లో కూర్చుని, లారీ మీదికి కంటెయినర్‌ని అంగుళం తేడా రాకుండా దించిన మనిషి. చెయ్యి పట్టి లేపింది.

"ఏ కన్ను?" అంది.

ఆయన ప్యాంటు పిండుకున్నాడు. "ఎడమది" అన్నాడు. "షుగరు వల్లంట. కనిపిస్తంది గానీ, దేనికి ఎంత దూరమో తెలీదు."

"ఎన్నాళ్లయింది?"

"ఆరు నెలలు."

"బండి నడపొచ్చా అని డాక్టర్ని అడిగారా?"

"అడగలేదు. అడిగితే వద్దంటాడు."

వ్యాను కొని నాలుగు నెలలే అయింది. "అంటే ఇది తెలిసాకే బండి కొన్నారా?"

"రెండోది కూడా పోతే ఇంకేటి సూత్తాను గౌరీ? అందికే కొన్నాను."

"మీరు సూడ్డానికి నన్ను సంపేత్తారా?"

గౌరీశ్వరి ఇసకలో ఒక్కతే నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఘాట్‌రోడ్డులో ఆయన లారీని దాటినప్పుడు తను కళ్లు మూసుకోవడం గుర్తొచ్చింది. పదమూడేళ్ల కిందట భీమిలి రోడ్డు మీద డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఆయన ఒక్కసారి కూడా స్టీరింగు ఇవ్వలేదు. నీకు దూరం అంచనా తెలీదు అనేవాడు.

అంతలో గాజువాక నుంచి కూతురు నిఖిత ఫోన్ చేసింది. "నాన్న జాగ్రత్తగా నడుపుతన్నారా అమ్మా?"

దూరంగా ఆయన తడి ప్యాంటు కొమ్మ మీద ఆరేయబోతున్నాడు. చెయ్యి కొమ్మకి ఇవతలే ఆగిపోతోంది.

"ఆ, బానే ఉన్నాం. రేపు కూడా ఇక్కడే" అంది.

ఫోన్ పెట్టాక తన నోట్లోంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యమేసింది. ఆయన కూడా పెద్ద అబద్ధమేదీ ఆడలేదేమో, రోజూ ఇలాగే బానే ఉంది అంటూ వచ్చాడేమో అనిపించింది. కోపం తగ్గలేదు గానీ, ఆయన పక్కన కూర్చునేంతగా మెత్తబడింది.

పొద్దున్నే తాళాలు తీసుకుంది. "ఈయేళ నాను నడుపుతాను. ఈ మట్టిదారిలోనే."

"క్లచ్ మెల్లిగా..." అని ఆయన మొదలెట్టాడు.

"మీరు సెప్పకండి. దిగి అలా నిలబడండి."

ఆయన వంగతోట గట్టు మీద నిలబడ్డాడు. బండి నాలుగుసార్లు ఆగిపోయింది. ఐదోసారి వెనక చక్రం ఇసకలో కూరుకుపోయింది. రైతు గడ్డి తెచ్చి చక్రం కింద పరిచాడు, మగవాళ్లిద్దరూ వెనకనుంచి నెట్టారు. సాయంత్రానికి ఆవిడ ఆ దారిలో పద్నాలుగుసార్లు తిరిగింది. మొదట్లో ఆయన ప్రతి మలుపుకీ చెయ్యెత్తి అరిచాడు. చివర్లో గట్టు మీద కూర్చుని ఊరికే చూశాడు.

మర్నాడు ఆవిడే హైవే ఎక్కించింది. లారీ ఎదురైనప్పుడల్లా ఆయన పాదం లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. రాయ్‌పూర్‌లో ముందు కంటాసుపత్రికి తీసుకెళ్లింది. కుడి కన్ను ప్రస్తుతానికి ఫరవాలేదు, మూణ్ణెల్లకోసారి చూపించుకోవాలి, బండి మాత్రం ముట్టుకోవద్దు అన్నారు. గౌరీశ్వరి నిఖితకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది. ఆ పిల్ల ఇద్దర్నీ తిట్టి పెట్టేసి, పది నిమిషాలకి మళ్లీ చేసి కళ్లలో వేసే మందుల పేర్లు రాసుకుంది.

ఆవిడ రోజుకి వంద కిలోమీటర్లకి మించి నడపలేకపోయింది. జైసల్మేర్ కుదరదని ఇద్దరికీ తెలిసిపోయింది. జబల్‌పూర్ దాకా వెళ్లి తిరిగొద్దాం అనుకున్నారు. రెండు రోజులు ఆయన ముఖం ముడుచుకునే కూర్చున్నాడు.

మూడో రోజు అమర్‌కంటక్ దాటాక, "ఆపు ఆపు" అన్నాడు. గౌరీశ్వరి ఉలిక్కిపడి బండి పక్కకి తీసింది. రోడ్డు కింద అవిసె చేను, కనుచూపుమేరా నీలం పూలు. ఆయన దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"కాసేపుందామా?" అన్నాడు.

"ఉందాం" అని ఆవిడ ఇంజన్ ఆపేసింది.