మామయ్య దొంగచాటుగా కొన్న కొరియా కారు

మా షోరూములోకి ఒక పెద్దమనిషి వచ్చాడు. ముక్కూ నోరూ కప్పేసే మాస్కు, కనుబొమల దాకా లాక్కున్న టోపీ, పైగా నల్ల కళ్ళద్దాలు. అద్దాల తలుపు తోసుకుని అడుగు పెట్టాడో లేదో, నవ్వుతూ ఎదురెళ్ళిన మా సేల్స్‌మన్ మొహం చూడాల్సింది పోయి నోట్లోకి చూసి, "ముందు పళ్ళకి గార పట్టింది, క్లీనింగ్ చేయించుకో బాబూ" అన్నాడు. వేషం ఎంత బాగా వేస్తే ఏం లాభం?

"మామయ్యా!" అన్నాను.

"ష్! మామయ్యా లేడు, గీమయ్యా లేడు. నేను కస్టమర్ని" అన్నాడు మాస్కులోంచి. "ఆ నీలం రంగు బండి చూపించు. త్వరగా. తెలిసినవాళ్ళెవరైనా వస్తారు."

నాకు నవ్వాగలేదు. మేం అమ్మేది కొరియా కార్లు. మా మామయ్య పేరున్న పళ్ళ డాక్టరు, అంతకంటే పేరున్న కొరియా కార్ల శత్రువు. ఆయన మా షోరూములో కాలు పెట్టడమంటే పులి కూరగాయల కొట్టుకొచ్చి వంకాయలు బేరమాడినట్టే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు కంపెనీ చరిత్ర పాఠంలా చెప్పారు. మొదట్లో వాళ్ళు ఇంకొకళ్ళ కార్లు బిగించి పెట్టేవాళ్ళు. తర్వాత ఇంకొకళ్ళ ఇంజను తెచ్చుకుని సొంత కారు చేశారు. చవగ్గా వస్తోందని, మేముంటున్న ఈ దేశంతో సహా, విదేశాల్లో జనం ఎగబడి కొన్నారు, కొన్నాక పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఎలా ఆపాలో తెలియక, "మా బండి పాడైతే ఏళ్ళ తరబడి మేమే బాగుచేసిస్తాం" అని ఎవరూ ఇవ్వనంత పొడుగు వారంటీ ఇచ్చేశారు. ఇచ్చాక చచ్చినట్టు మంచి కార్లు చేయాల్సొచ్చింది. నవ్వినవాళ్ళే ఇప్పుడు బుక్ చేసుకుని కారు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నారు. మా ట్రైనరు ఇదంతా బొమ్మలేసి మరీ చెబుతుంటే నాకు ఆవలింతలొచ్చాయి. ఈ పాఠం నాకు కొత్తేం కాదు, మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర విన్నదే.

తాతయ్య, అంటే మా అమ్మకీ మామయ్యకీ నాన్న, బడిలో డ్రిల్లు మాస్టారు. ఆయన రిటైరయ్యాడు గానీ ఆయన ఈల ఇంకా సర్వీసులోనే ఉంది. మామయ్య పెళ్ళికి ముందు తాతయ్య ఆ కంపెనీ తొలినాళ్ళ కారు ఒకటి సరికొత్తది కొన్నాడు. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో. పెళ్ళికొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని దర్జాగా బయల్దేరాడు. సగం దారిలో కారు దగ్గింది, ఎగిరెగిరిపడింది, ఆగిపోయింది. తాతయ్య బతిమాలినా కదల్లేదు, ఈలేసినా కదల్లేదు. చివరికి పెళ్ళికొడుకు ఒక పాల వ్యాను ఆపి, డబ్బాల మధ్య నిలబడి వెళ్ళి, ఆఫీసు మూసే ముందు సంతకం పెట్టాడు.

ఈ కథ మామయ్య నలుగురు కూడిన ప్రతి చోటా చెప్పేవాడు. కారు దగ్గడం, తాతయ్య ఈల, పాల డబ్బాల చప్పుడు అన్నీ నోటితోనే చేసి చూపించేవాడు. "కొరియా కారు కొనాలంటే చుట్టాలు బోలెడుమంది ఉండాలి, తొయ్యడానికి" అని ముగించేవాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. తాతయ్య ఒక్కడే లేచి, "నా కారుకేం తక్కువరా?" అని గొడవకి దిగేవాడు. పంతంకొద్దీ అది పాతబడితే మళ్ళీ అదే కంపెనీ కారు కొన్నాడు, ఇదీ పాతబడితే మళ్ళీ అదే. "నా కారు మంచిదని నీ నోటితో ఒప్పుకునే దాకా నీ కారు ఎక్కను" అని ఒట్టేశాడు. మామయ్య తక్కువ తిన్నాడా? ఆయనా తాతయ్య కారు ఎక్కనని ఒట్టేశాడు. ఇక ముప్పై ఏళ్ళ పైచిలుకు ఎవరింటికి వెళ్ళినా తండ్రీ కొడుకులు వేరువేరు కార్లలో, ఒకరి వెనక ఒకరు, ఊరేగింపులా వెళ్ళేవాళ్ళు.

మామయ్య చెప్పే కథలో ఒక ముక్క ఎప్పుడూ ఉండేది కాదు. అది నాకు అత్తయ్య చెప్పింది. పాల వ్యానులో ఒక్కరికే చోటుందట. తాతయ్య రోడ్డు పక్కన కారు దగ్గరే ఉండిపోయాడు. కన్నకొడుకు పెళ్ళి చూడలేకపోయాడు.

ఇప్పుడు చిక్కేమిటంటే, మొన్న కళ్ళ డాక్టరు తాతయ్యని ఇక కారు నడపొద్దన్నాడు. ఆయన రోజూ వెళ్ళే చదరంగం క్లబ్బు మోకాళ్ళ నొప్పులతో నడిచి వెళ్ళేంత దగ్గర కాదు. కొడుకు కారు ఎక్కడు, టాక్సీ అంటే "ఉన్న ఊళ్ళో నేనేం అతిథినా?" అంటాడు. దాంతో ఇల్లు కదలడం మానేశాడు. బాల్కనీలో కూర్చుని, కింద ఎవరు కారు వంకరగా పెట్టినా ఈలేసి సరిచేయిస్తున్నాడు. వీధి బాగుపడింది గానీ మనిషి చిక్కిపోయాడు. నేనెప్పుడెళ్ళినా, "చదరంగం ఎత్తులు మర్చిపోతున్నానే" అంటాడు.

ఇంతకీ మాస్కు మనిషిని టెస్ట్ డ్రైవుకి తీసుకెళ్ళాను. మొదటి మలుపు దాకా ఆయన మూతి ముడుచుకునే ఉన్నాడు. రెండో మలుపులో సీటులోంచి చల్లగాలి వచ్చింది.

"ఏయ్! ఇది కింద నుంచి ఊదుతోందే!"

"సీటుకి ఫ్యాను, మామయ్యా."

"వెనక ఏముందో బొమ్మ చూపిస్తోందే! నేను పేషెంట్ల నోట్లో పెట్టే కెమెరా ఇక్కడ పెట్టారే!" మాస్కు గడ్డం కిందికి జారిపోయింది. ఆయన పట్టించుకోలేదు. ముందుకెళ్ళాడు, వెనక్కెళ్ళాడు, ఊరికే వెనక్కెళ్ళాడు, మళ్ళీ వెనక్కెళ్ళాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి పైకప్పు అద్దం తెరిచి మూసి, తెరిచి మూసి కిలకిలా నవ్వుతుంటే నాకూ అంటుకుంది. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు.

"అసలెందుకు కొంటున్నావ్?" అన్నాను కాస్త ఊపిరి తీసుకుని.

ఆయన నవ్వాపాడు. "మీ తాతని క్లబ్బుకి తీసుకెళ్ళాలే. ఈ కంపెనీ కారైతే కాదనడు కదా."

"ఒట్టు కారు గురించి కాదుగా. నువ్వు అనాల్సిన మాట గురించి."

"అదేనే నా బాధ. ఆ మాట అనడం కంటే నా పన్ను నేనే పీక్కోవడం తేలిక. మత్తివ్వకుండా."

కారు ఇంటికెళ్ళింది. ఇంటికి అంటే అబద్ధం, క్లినిక్కు వెనక సందులోకి వెళ్ళింది. మామయ్య దానికి ముసుగేసి, మధ్యాహ్నం పూట వెళ్ళి కాసేపు అందులో కూర్చుని వచ్చేవాడు. ఎవరైనా గుర్తుపడతారన్న భయంతో, పళ్ళ సందులు తోముకునే దారంతో రంపపు కోతలా కోసి, వెనక ఉన్న కంపెనీ గుర్తు ఊడబీకేశాడు. గీత కూడా పడలేదు. పనితనం అంటే పనితనమే.

ఇక ఆ మాట ప్రాక్టీసు మొదలుపెట్టాడు. ఎవరి మీదో తెలుసా? పేషెంట్ల మీద! నోరు తెరిచి, దూది కుక్కి, గొట్టం పెట్టాక మనిషి ఎదురు చెప్పలేడు కదా. "నాన్నా, నీ కారు మంచిదే" అనేవాడు, చేతిలో డ్రిల్లు పట్టుకుని. కుర్చీలో ఉన్నాయన కళ్ళు పెద్దవి చేసి "ఆఁ? ఆఁ?" అనేవాడు. "అబ్బే, ఇలా కాదు. నాన్నా, నలుగురిలో నేనలా అనకుండా ఉండాల్సింది. ఎలా ఉంది?" "ఆఁ... ఆఁ..."

క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చునేది అత్తయ్యే. డబ్బు కట్టి వెళ్తూ ఒక పెద్దావిడ, "డాక్టరుగారు నన్ను నాన్నా అని పిలిచారమ్మా. కాస్త విశ్రాంతి ఇప్పించండి" అందిట. అత్తయ్య సందులోకి వెళ్ళి ముసుగెత్తి చూసింది. ఆనక నాకు ఫోన్ చేసి, మాట రాక ఎంతసేపు నవ్విందంటే, ఫోన్ పాడైందనుకున్నాను.

"ఆదివారం పొద్దున్న మీ మామయ్యని నేను లాక్కొస్తాను. నువ్వు మీ తాత దగ్గరుండు" అంది చివరికి.

ఆదివారం నీలం కారు తాతయ్య బాల్కనీ కింద ఆగింది. కంగారులో మామయ్య తెల్లగీత మీదికి ఎక్కించేశాడు. పైనుంచి ఈల, వీధంతా దద్దరిల్లేలా.

"ఎవర్రా అది? గీత కనపళ్ళేదా?"

మామయ్య కారు దిగి నిలబడ్డాడు. తలెత్తాడు, నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎంతమంది నోళ్ళు తెరిపించిన మనిషి! అత్తయ్య పక్కనుంచి మోచేత్తో పొడిచింది. అయినా రాలేదు.

తాతయ్య నా భుజం పట్టుకుని కిందికి దిగాడు. కారు చుట్టూ మెల్లిగా తిరిగాడు. చూపు ఆననిచోట చేత్తో తడిమాడు. డోరు తీసి వేసి, ఆ చప్పుడు విన్నాడు. వెనక్కెళ్ళి నున్నటి రేకు మీద వేళ్ళు ఆనించి, "ఇక్కడ ఒకటి ఉండాలే" అన్నాడు.

అంతే, మామయ్య ఆనకట్ట తెగినట్టు అరిచేశాడు. "నాన్నా! నీ కారు మంచిదే! ఇప్పుడూ మంచిదే, అప్పుడూ మంచిదే! నేనే ఊరికే నోరు పారేసుకున్నాను!"

కిటికీలు తెరుచుకున్నాయి. ఎదురింటావిడ బట్టలు ఆరేయడం ఆపేసింది. ముప్పై ఏళ్ళుగా తాతయ్య ఎదురుచూసిన మాట ఇదే కదా, ఏమంటాడో అని ఆయన మొహంలోకి చూశాను.

తాతయ్య కొడుకుని ఎగాదిగా చూశాడు. "అప్పుడూ మంచిదేనా?"

"మంచిదే."

"నీ మొహం. అదొక తుక్కు డబ్బా."

"ఆఁ?" అన్నాడు మామయ్య, అచ్చం తన పేషెంట్లలాగే.

"వానొస్తే బయటికంటే లోపలే ఎక్కువ కురిసేది. కిటికీ దించితే మళ్ళీ పైకి రమ్మంటే వచ్చేది కాదు. బ్రేకు నొక్కితే హారను మోగేది. మీ అమ్మని ఎక్కించుకెళ్ళిన ప్రతిసారీ తోయించాను. ఆ మహాతల్లి ఎవరికీ చెప్పలేదు. ఇప్పటి కార్లంటావా, వజ్రాలు. కానీ అదా? ఛీ!"

ఇవన్నీ చెబుతుంటే తాతయ్య మొహం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్న తిట్లు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఆయనకి వయసు తగ్గినట్టుంది.

"మరి మంచిది మంచిదని నా ప్రాణం తీశావెందుకు?" అన్నాడు మామయ్య.

"నలుగురిలో నవ్వావు కదరా. ఏం చెయ్యను?" తాతయ్య గొంతు తగ్గింది. "నీ పెళ్ళికి అందరూ ఎవరో వాడేసిన పాత కారు తీసుకోమన్నారు. నా కొడుకు పెళ్ళికొడుకై ఇంకొకడు వాడి వదిలేసిన దాంట్లోంచి దిగుతాడా అనుకున్నాను. డ్రిల్లు మాస్టారి జీతానికి కొత్తదంటే అదొక్కటే వచ్చింది. నిన్ను కొత్త కార్లో దింపాలనుకున్నాను. దింపలేకపోయాను."

అత్తయ్య కొంగుతో ముక్కు తుడుచుకుంది. మామయ్య కళ్ళు ఒత్తుకుని, ఎండ పడుతోందన్నాడు. ఆకాశమంతా మబ్బే.

కాసేపటికి ఆయనే డోరు తెరిచి పట్టుకున్నాడు. తాతయ్య కిందికి వంగి, తల కాచుకుని, ముందు సీట్లో కూర్చున్నాడు. అత్తయ్యా నేనూ వెనకెక్కాం. కారు కదిలింది.

వీధి చివర మలుపు తిరిగింది. ఆ తర్వాత మామయ్య గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, తుక్కు డబ్బా అని మాత్రం అనకు."

"నా కారు. నా ఇష్టం. అంటాను."

"నా పెళ్ళి కోసం కొన్న కారు అది. దాన్ని అంటే నేనూరుకోను."

"ఏం చేస్తావురా? పాల వ్యాను ఎక్కుతావా?"

"ఆ రోజుల్లో అంత తక్కువకి కొత్త కారు ఇచ్చినవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పు? ఒక్కణ్ణి చెప్పు!"

"తక్కువకిచ్చారు కనకే సగం కారిచ్చారు!"

"సగం దారి దాకా తీసుకెళ్ళింది కదా! అదేం తక్కువ పనా?"

తాతయ్య పకపకా నవ్వాడు. మామయ్య చేత్తో స్టీరింగు మీద కొడుతూ ఆ పాత డబ్బాని వెనకేసుకొస్తున్నాడు, తాతయ్య సీటులోంచి ముందుకి వంగి దాన్ని తిట్టిపోస్తున్నాడు. గొంతులు మారాయి తప్ప గొడవ అదే. అయితే ఈసారి ఇద్దరూ ఒకే కారులో ఉన్నారు, ఇద్దరికీ నవ్వొస్తోంది. చదరంగం క్లబ్బు బోర్డు వచ్చింది. వాకిట్లో నిలబడ్డ స్నేహితుడెవరో తాతయ్యని చూసి చెయ్యి ఊపాడు. ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. కారు నేరుగా ముందుకెళ్ళిపోయింది.

"తాతయ్యా..." అని నేను ముందుకి వంగబోయాను.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"చెప్పకే. నా పెళ్ళికి ఒకే కార్లో రావాల్సిన ఇద్దరూ ఇన్నాళ్ళకి కలిసి బయల్దేరారు" అంది. "పోనీ, ఎంత దూరం పోతారో."