బానెట్ మీద తొమ్మిది చుక్కలు

బండి మీద చెట్టు బంక పడితే గోరుతో గీకకూడదు. గీకితే రంగు కూడా ఊడొస్తుంది, ఆ తర్వాత ఏడ్చి లాభం లేదు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ చుక్క మీద పరిచి, మెత్తబడ్డాక దూదితో స్పిరిట్ అద్ది, ముప్ఫై లెక్కపెట్టి, ఒకే వైపుకి తుడవాలి. అన్నిటికంటే ముందు రేడియో గట్టిగా పెట్టాలి. చెట్టు కింద ఎవరేం మాట్లాడినా బంకలో చిక్కుకుంటుంది, కరిగేటప్పుడు ఒక్కసారి వినబడి పోతుంది. ఊళ్లోవాళ్ల గుట్లు మనకెందుకు? అది కార్లు కడిగేవాళ్ల మర్యాద. షెడ్డులో అందరూ అక్కా అని పిలిచే ఆవిడ పదకొండేళ్లలో ఆ మర్యాద ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు పొద్దున మాత్రం రేడియో కట్టేసింది.

షెడ్డు నడిపే మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. "ఇదేంటమ్మా? ఎవరైనా చూస్తే పరువు పోతుంది!"

"పోతే పోనివ్వండి. ఇది మా తమ్ముడు నడిపే బండి."

నల్ల కారు. నాలుగు రోజుల కిందట దీని కింద పడి ఒక ముసలాయన ప్రాణం పోయింది. తనే గుద్దానని ఒప్పుకుని డ్రైవరు లాకప్పులో కూర్చున్నాడు. కారు సొంతదారు కాంట్రాక్టరు గారు, తను పక్క సీట్లో ఉన్నానని చెప్పారు. అక్క నమ్మలేదు. కుక్కపిల్ల అడ్డొస్తే బండి దిగి పక్కకి పెట్టొచ్చే రకం వాడు. మూడు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగింది. "వాడే ఒప్పుకున్నాక నేనేం చేసేదమ్మా? సాక్ష్యం ఉంటే పట్రా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఊచల వెనక తమ్ముడేమో, "నేనే అక్కా. ఇంటికెళ్లి మందులేసుకో" అని మొహం తిప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ బండే చేతికొచ్చింది. పోలీసులు ఫొటోలు తీసుకుని, కాంట్రాక్టరు గారింటి ముందు చెట్టు కిందే వదిలేశారు. బంపరు కొత్తది వేయించారు. ఇక మిగిలింది బంకే. "పన్నెండింటికి నేనే వస్తా, ఒక్క చుక్క ఉండకూడదు" అని ఆయన కబురు. డ్రైవరు అక్క ఇక్కడే పనిచేస్తుందని ఆయనకి తెలియదు. బండ్లు తుడిచేవాళ్ల మొహాలు ఆయన ఎప్పుడు చూశాడు గనక!

ఒక చుక్క కరుగుతూ, "ఫోనెందుకు ఎత్తవే?" అని ఎవడో బతిమాలాడు. ఇంకోదాంట్లో ఒక పిల్ల ఏడో ఎక్కం తప్పు చెప్పింది. ఇంకోటి తుమ్మింది. పదిన్నరకి ముప్ఫై చుక్కలు పోయాయి. అక్క ఊపిరందక రెండుసార్లు కూలబడింది. ఆమె గుండెలో వాల్వు పాడైంది. గురువారం ఆపరేషను. ఎవరో పుణ్యాత్ములు ఖర్చు పెట్టుకుంటున్నారని ఆసుపత్రి నుంచి మొన్ననే ఫోనొచ్చింది.

అద్దం కింది చుక్క మీద దూది పెట్టిందో లేదో, తమ్ముడి గొంతు.

"స్టీరింగు మీ చేతిలోనే ఉంది కదండీ!"

అంతే. చుక్క లేదు. అక్క దూది చెవికి నొక్కుకుంది, బానెట్‌కి చెవి ఆనించింది. ఏమీ లేదు.

"అయ్యో, నా చేతులారా తుడిచేశాను! మేస్త్రీగారూ, మీరు విన్నారా? విన్నానని చెప్పండి!"

"పంపు దగ్గరున్నానమ్మా," అన్నాడు మేస్త్రీ, తల దించుకుని.

ఇంకా తొమ్మిది చుక్కలున్నాయి. "మీ కాళ్లు పట్టుకుంటా, ఇన్‌స్పెక్టరు గారిని పిలుచుకురండి." పెద్ద గిరాకీ పోతుందని మేస్త్రీ గొణిగాడు, తల గోక్కున్నాడు, చివరికి చెప్పులేసుకుని వెళ్లాడు.

ఇన్‌స్పెక్టరూ కాంట్రాక్టరు గారూ ఇంచుమించు ఒకేసారి వచ్చారు. బానెట్ చూడగానే కాంట్రాక్టరు గారి మొహం మాడిపోయింది. "ఇంకా అవలేదా? చాల్లే, తాళాలివ్వండి."

"ఒక్క నిమిషం సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నువ్వు కానీయమ్మా."

మొదటి చుక్కలో బస్సు హారను. రెండోదాంట్లో ఎవరిదో నవ్వు. ఆ తర్వాతవన్నీ సోదే. ఏడోది కిక్కురుమనకుండా కరిగిపోయింది. ఎనిమిదోది దగ్గింది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు.

"నీకు దణ్ణం పెడతా, మాట్లాడు," అంటూ అక్క ఆఖరి చుక్క మీద దూది అద్దింది.

"నువ్వే నడిపావని ఒప్పుకో. మీ అక్క గుండె ఆపరేషను నేను చేయిస్తా. వచ్చే గురువారమే."

"సరేనండి. అక్కకి మాత్రం తెలియనివ్వకండి."

ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో అక్కకి అర్థమైంది. కారు పట్టుకుని నిలబడింది.

ఇన్‌స్పెక్టరు కాగితం తీశాడు. బంకలో మాట కేసులో రాయాలంటే, గొంతు ఎవరిదో దగ్గరివాళ్లు గుర్తుపట్టి సంతకం పెట్టాలి. "ఎవరి గొంతులమ్మా ఇవి?"

కాంట్రాక్టరు గారు మొదటిసారి అక్క మొహం చూశారు. "నువ్వేనా?" అన్నారు మెల్లగా. "బాగా ఆలోచించుకో. గురువారానికి ఇంకా రెండు రోజులే. ఈ గొంతులు ఎవరివైనా కావచ్చు."

అక్కకి బతకాలని ఉంది. ముప్ఫై తొమ్మిదేళ్లు, ఎందుకుండదు? పడుకుంటే ఊపిరాడక నెల రోజులుగా గోడకి ఆనుకునే నిద్రపోతోంది. గురువారం ఎప్పుడొస్తుందా అని వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటోంది.

"మొదటిది ఈయనది," అంది. "రెండోది నా తమ్ముడిది."

కాగితం అందుకుని సంతకం పెట్టింది. "మావాణ్ణి ఎప్పుడు వదుల్తారండి?"

"కోర్టు పనుంటుంది. రేపు సాయంత్రానికి రావచ్చు."

"గేటు దగ్గర నేనే ఉంటానని చెప్పండి," అంది అక్క. ఇక ఏడుపు ఆగలేదు. "నాకు తెలియకూడదంటాడా! రానివ్వండి వెధవని, రెండు చెంపలూ వాయగొడతా."