పాత గ్యాసు పెట్టె

ముమ్మిడివరం చుట్టుపక్కల ఎవరు పోయినా బంధువులకన్నా ముందు ఫోను వెళ్ళేది ఫ్రిజ్ మెకానిక్ ఇస్సాకుకి. ఆయన తన ఫ్రీజర్ పెట్టెని ఆటోలో వేసుకొచ్చి, వరండాలో దింపి, ప్లగ్గు పెట్టి, టీ తాగి వెళ్ళిపోతాడు. దూరం నుంచి రావాల్సినవాళ్ళు వచ్చేదాకా పోయినవాళ్ళు అందులో ఉంటారు. అయినవాళ్ళు పిలిస్తే లోపల్నుంచి "ఆయ్" అంటారు. పలకడానికైనా, ఔననడానికైనా అదే, అంతకుమించి మాట రాదు. ఆమాత్రం మర్యాద లేకపోతే గోదావరి మనుషులెలా అవుతారు?

ఆ పలుకు పెట్టెని చల్లబరిచే పాత గ్యాసుది. అది గాలిలో కలిస్తే ఎండలు ముదురుతాయని, సముద్రం ఊళ్ళ మీదికొస్తుందని సర్కారు దాన్ని తగ్గించేస్తోంది. కారిపోయే మిషన్లో మళ్ళీ నింపకూడదని, ఉన్నది సిలిండర్లోకి లాగి దూరాన ఉన్న ఫ్యాక్టరీకి పంపించెయ్యాలని అమలాపురం ట్రైనింగులో ఇస్సాకుకి చెప్పారు. కొత్త గ్యాసు పెట్టెలూ అంతే చల్లగా ఉంటాయి. వాటిలో ఎవరూ పలకరు.

చేపలమ్మే రత్నం పోతే ఇస్సాకు పాత గ్యాసు పెట్టెలోనే ఉంచారు. బతికున్నప్పుడూ చిన్నాపెద్దా ఎవరేమన్నా "ఆయ్" అనే మనిషే. కూతురు లక్ష్మీతులసి కువైట్ నుంచి రావాలి, అక్కడ ఇంటిపని చేస్తోంది. మర్నాటికి రత్నం గొంతు సన్నబడింది. ఉప్పుగాలి పెట్టె గొట్టాన్ని తినేసి గ్యాసు కారిపోతోంది, అతుకు నిలవదు.

"కొంచెం నింపండి మావయ్యగారూ," కొడుకు కొండబాబు బతిమాలాడు. "చెల్లి ఒక్కసారి పిలుచుకుంటాదండి."

"గాలికి పోసినట్టేరా. మీ పాతిల్లు సముద్రంలో కలిసిపోలేదా?" ఇస్సాకు పెట్టె మీద చెయ్యి వేశాడు. "అక్కా, నిన్ను కొత్త పెట్టెలోకి మార్చెయ్యమంటావా?"

"ఆయ్."

నింపమంటావా అని అడిగినా ఆవిడ అదే అనేదని ఆయనకి తెలుసు. ఆ రోజు ఇస్సాకు అన్నం ముట్టలేదు.

తులసి వచ్చి కొత్త పెట్టె మీద పడి "అమ్మా, అమ్మా" అని పిలిచింది. అమ్మ ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. పలకలేదు.

దహనమయ్యాక ఇస్సాకు చిన్న సిలిండరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"పాత పెట్టెలో మిగిలిన గ్యాసుతో మీ అమ్మ గొంతు ఇందులోకి దిగిందమ్మా. వాల్వు తిప్పితే ఒక్కసారి పలుకుద్ది, గాలిలో కలిసిపోద్ది. నేను తిప్పకూడదు. నువ్వు తిప్పితే చూడలేదనుకుంటాను."

తులసి దాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుంది. వాల్వు మీద చెయ్యి వేసింది.

"అమ్మా, మళ్ళీ కువైట్ వెళ్ళనా?"

చెయ్యి ఆగిపోయింది. మొదటిసారి వెళ్తానన్నప్పుడు అమ్మ వాకిట్లో చేపలు తోముతూ, తలెత్తకుండా "ఆయ్" అంది. ఆ తల ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు అర్థమై తులసి వెక్కివెక్కి ఏడ్చింది.

"వెళ్ళనమ్మా," అంది చివరికి, తనే.

సిలిండరుని ఇస్సాకు చేతిలో పెట్టింది.

"మెల్లగా పంపించండి మావయ్యగారూ. మా అమ్మ ఎప్పుడూ దూరాభారం వెళ్ళలేదండి."