ఇన్నా లైన్లో లేదు

గ్లేబ్ బిష్కెక్‌లో కూర్చుని సమారాలో ఉన్న ఒక కంపెనీకి వంటిళ్ళు గీసేవాడు. ఎవరింట్లో గోడ ఎంత పొడవో, కిటికీ ఎటుందో, నీళ్ళ గొట్టం ఎక్కణ్ణుంచి వస్తుందో రాసి పంపితే, దానికి తగ్గట్టు గట్టూ అలమరలూ సొరుగులూ కంప్యూటర్లో గీసి తిరిగి పంపాలి. ఆ వంటిళ్ళలో ఒక్కదాన్నీ అతను కళ్ళతో చూడలేదు. కంపెనీని కూడా చూడలేదు. సొంతూరు పెర్మ్. అక్కడ బతకడం కష్టమై, ఇక్కడైతే అద్దెలు తక్కువని ఎవరో చెప్తే వచ్చాడు. వచ్చేటప్పుడు ఒక్క చలికాలం గడిస్తే చాలనుకున్నాడు. ఇప్పుడిది ఎన్నో చలికాలమో చెప్పాలంటే కాస్త ఆలోచించుకోవాలి.

అతనికి కొలతలు పంపేది ఇన్నా. ఆవిడుండేది త్వేర్‌లో. వంటిల్లు కట్టించుకునేవాళ్ళతో మాట్లాడటం, వాళ్ళ మొగుడూ పెళ్ళాల పేచీలు వినడం, చివరికి ఏ రంగు కావాలో తేల్చడం ఆవిడ వంతు. మొదట్లో ఏదైనా అడగాల్సి వస్తే ఫోన్ చేసుకునేవాళ్ళు. ఒకరోజు ఇన్నాకి విసుగొచ్చింది.

"పెట్టెయ్యకు గ్లేబ్. అలా ఉండనీ. అయిదు నిమిషాలాగి మళ్ళీ నువ్వే చేస్తావు" అంది.

అప్పట్నుంచీ పని మొదలవగానే లైను కలుపుకుని సాయంత్రం దాకా వదిలేసేవాళ్ళు. గంటలకొద్దీ మాటే ఉండేది కాదు. ఆవిడ కెటిల్ మరిగిన చప్పుడు, పొద్దుతిరుగుడు గింజలు కొరికే చప్పుడు, వాళ్ళ మెట్ల దగ్గర లిఫ్టు ఆగిన చప్పుడు అతని చెవుల్లో పడుతుండేవి. ఇక్కడ చెత్తబండి వచ్చిన సంగతి అక్కడ ఆవిడకి తెలిసేది. "మీ బండి ఇవాళ ఆలస్యం" అనేది. అంతకుమించి ఏమీ లేదు. ఆవిడకి పెళ్ళయిందో లేదో అతను అడగలేదు. ఆవిడా అడగలేదు.

ఒక సోమవారం లైను కలవలేదు. నెట్టు పోయిందేమో అనుకుని గ్లేబ్ టీ పెట్టుకున్నాడు. కాసేపటికి స్తనిస్లావ్ అందర్నీ తెరమీదికి రమ్మన్నాడు. ఆయనదే కంపెనీ. ఎప్పుడూ హడావుడిగా మాట్లాడే మనిషి ఆవేళ నెమ్మదిగా మాట్లాడాడు.

"చెడ్డ వార్త. మన ఇన్నా శనివారం పోయింది. మెదడులో నరం చిట్లిందట. ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం. అందరూ మైకులు ఆపేయండి."

మైకులు ఆగిపోయాయి. తెరమీద చిన్న చిన్న గళ్ళలో తలలు వంగాయి. ఒకతను తల వంచుకునే ఏదో టైపు చేస్తున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఎప్పుడూ ఇన్నా ఉండే గడిలోకి లెక్కలు చూసే అమ్మాయి జరిగింది. తనూ తల వంచాలేమో అనుకుంటూనే గ్లేబ్ తన మొహాన్ని తనే చూస్తూ కూర్చున్నాడు. గడ్డం గీసుకోవాలి అనుకున్నాడు.

"గ్లేబ్, ఇన్నా దగ్గరున్న పనులు నువ్వు చూస్తావా? కొత్తవాళ్ళు దొరికేదాకా" అన్నాడు స్తనిస్లావ్.

"చూస్తాను."

"నువ్వు బాగానే ఉన్నావుగా?"

"బాగానే ఉన్నాను."

నిజంగానే బాగున్నట్టు అనిపించింది. ఎక్కడా నొప్పి లేదు. ఆ మధ్యాహ్నం ఇన్నా సగంలో వదిలేసిన వంటిల్లు పూర్తి చేశాడు. మర్నాడు ఆ వంటింటావిడే ఫోన్ చేసింది.

"మీరెవరు? ఇన్నా గారేరి? నాకు ఆవిడే కావాలి."

"ఆవిడ లేరండి."

"ఎప్పుడొస్తారు?"

"రారు."

"మానేసిందా! మంచి పని చేసింది. మీ దగ్గర ఎవరుంటారులెండి" అందావిడ.

"అవునండీ. మీ ఫ్రిజ్ కుడివైపా, ఎడమవైపా?" అని అడిగాడు గ్లేబ్.

ఆ వారమంతా అలాగే నడిచింది. కంప్యూటర్ స్పీకరు తెరిచే ఉంచాడు, అందులోంచి ఏమీ వినిపించకపోయినా. బయట బొగ్గు పొగ పట్టేసి కొండలు కనిపించడం లేదు. దుకాణానికెళ్ళి పాలు తెచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే ఫ్రిజ్‌లో పాలు ఉన్నాయి. మర్నాడు మళ్ళీ తెచ్చాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారన్నది కాదు, అసలు ఇది చెప్పాల్సిన విషయమని అతనికి తట్టలేదు.

గురువారం బతీమా వచ్చింది. పక్కింట్లో ఉంటుంది, ఈ ఇల్లూ ఆవిడదే. ఆ చుట్టుపక్కల చిన్నాపెద్దా అందరూ ఆవిణ్ణి ఎజె అంటారు, అక్కా అని. గది వెచ్చగా ఉంచే వేడినీళ్ళ గొట్టాల్లో గాలి పట్టిందేమో చూడ్డానికి వచ్చింది. గొట్టాన్ని అరచేత్తో తడుముతూ ఉన్నట్టుండి ఆగింది.

"నీ కంప్యూటర్ పిల్లేది? గొంతు వినపడట్లేదు. గోడవతల నాకు రోజూ వినబడేది. అలిగిందా?"

"చనిపోయింది ఎజె."

"ఎప్పుడు?"

"శనివారం."

బతీమా గొట్టం మీంచి చెయ్యి తీసింది. "మరి నువ్వేం చేస్తున్నావ్?"

గ్లేబ్ తెరవైపు చూపించాడు. "వంటిల్లు గీస్తున్నా."

"ఆవిడ నీకేమవుతుంది?"

"ఏమీ కాదు. కలిసి పనిచేసేవాళ్ళం."

"ఏమీ కాకపోతే పొద్దస్తమానం మాట్లాడుకోవడమేంటి? నా మొగుడు బతికున్నన్నాళ్ళూ నాతో అంతసేపు ఉండలేదు. ఎన్నిసార్లు కలిశావు?"

"ఒక్కసారీ కలవలేదు."

"మట్టి వెయ్యడానికైనా వెళ్ళలేదా?"

"నాకు తెలిసేసరికే అయిపోయి ఉంటుంది. చాలా దూరం కూడా."

"దూరం సంగతి నాకెందుకు చెప్తావు. ఈ తలుపు నుంచి నా తలుపుకి ఎంత దూరం? అది కూడా రాలేదు నువ్వు" అని కేకలేసింది. "ఇంట్లో చావు పెట్టుకుని వారం రోజులుగా నోరు మూసుకున్నావా! ఇరుగూ పొరుగూ వింటే ఏమనుకుంటారు? బతీమా ఇల్లు అద్దెకిచ్చింది కానీ మనిషి సంగతి పట్టించుకోలేదంటారు. రేపు శుక్రవారం, పోయినవాళ్ళ పేర వండే రోజు. పిండీ నూనే నేను తెస్తా. పొయ్యి తుడిచి పెట్టు. కంపు కొడుతోంది."

"ఎజె, ఆవిడ మీ మతం కాదు."

"నూనె వాసన పీల్చడానికి పాస్‌పోర్ట్ అడుగుతారా?" అని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పెద్ద మూకుడు పట్టుకుని బతీమా, ఆవిడ వెనకాల కింది అంతస్తులో ఉండే అనార్, అనార్ భర్త మామత్ వచ్చారు. మామత్ ఒకప్పుడు సిటీ బస్సు నడిపాడు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నాడు. ఆడవాళ్ళిద్దరూ గ్లేబ్ పనిచేసే బల్ల మీదే పిండి పరిచి ఒత్తారు. అతను కంప్యూటర్ తీసి మంచం మీద పెట్టుకున్నాడు. పిండిని చిన్న చిన్న ముక్కలుగా కోసి నూనెలో వేస్తుంటే ఆ బోర్సోకులు పొంగి బంగారం రంగుకి తిరుగుతున్నాయి. పోయినవాళ్ళకి ఈ వాసన చేరుతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఇల్లంతా వేడి నూనె వాసన నిండింది.

"పేరేంటి ఆవిడది?" అని మామత్ అడిగాడు.

"ఇన్నా."

"తండ్రి పేరు?"

గ్లేబ్‌కి తెలియదు.

"పిల్లలున్నారా?"

తెలియదు.

"ఏం మనిషయ్యా నువ్వు!" అంది అనార్. "ఏమీ తెలియకుండా రోజంతా ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"అట్టే మాట్లాడేవాళ్ళం కాదు. ఎప్పుడూ గింజలు తినేది. దగ్గొస్తే మైకు ఆపడం మర్చిపోయేది, తర్వాత సారీ అనేది. పొద్దున్నే రాగానే 'ఉన్నావా?' అనేది. నేను ఉన్నాననేవాణ్ణి."

ముగ్గురూ అతని మొహంలోకి చూశారు. ఏడుస్తాడనుకున్నారు. గ్లేబ్ కూడా ఒక్క క్షణం ఎదురుచూశాడు. ఏమీ రాలేదు.

"ఏడుపు రాకపోతే ఏంలే తమ్ముడూ, తిను" అన్నాడు మామత్. అరచేతులు పైకి పట్టి, నాలుగు మాటలు చదివి, చేతులతో మొహం తడుముకున్నాడు. అందరూ తడుముకున్నారు. గ్లేబ్ కూడా తడుముకున్నాడు.

అప్పుడే మంచం మీద కంప్యూటర్ మోగింది. స్తనిస్లావ్.

"నిన్నటి కొలతలు పంపావా? ఏంటా చప్పుడు? వాన పడుతోందా?"

"కాదు. నూనె. ఇన్నా కోసం మా ఇంటివాళ్ళు పిండివంట చేస్తున్నారు."

స్తనిస్లావ్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"నేను కూడా ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఫోన్లోనే పనిలో పెట్టుకున్నా. సోమవారం పొద్దున్న ఆవిడకి ఫోన్ చేస్తే వాళ్ళ చెల్లెలు ఎత్తింది. అలా తెలిసింది. మన వాళ్ళెవరూ వెళ్ళలేదు."

"వాళ్ళ చెల్లెలి నంబరు ఇస్తారా?"

"ఏం మాట్లాడతావు?"

"తెలీదు."

వాళ్ళు ముగ్గురూ వెళ్ళాక గ్లేబ్ ఫోన్ చేశాడు. చెల్లెలి గొంతు ఇన్నా గొంతులా లేదు. అదే లిఫ్టు చప్పుడు మాత్రం వెనకాల వినిపించింది. ఆవిడ ఇన్నా ఇల్లు సర్దుతున్నట్టుంది.

"కంపెనీ నుంచా? ఆ కంప్యూటర్ ఎక్కడికి పంపాలో ఎవరూ చెప్పట్లేదండీ. ఇక్కడే అడ్డంగా పడుంది."

గ్లేబ్ కంపెనీ అడ్రసు చెప్పాడు. ఆవిడ రాసుకుంది.

"ఇంతకీ మీరు?"

"గ్లేబ్‌ని. కలిసి పనిచేసేవాళ్ళం."

"ఓ, మీరేనా" అందావిడ. "నేనెప్పుడొచ్చినా వంటింట్లో ఎవరో ఉన్నట్టుండేది. ఇల్లంతా మనుషుల చప్పుడు. తొంగి చూస్తే ఇదొక్కతే కూర్చుని ఉండేది. ఎవరే అంటే, గ్లేబ్ చెత్తబండి వచ్చిందే అనేది. పిచ్చి పట్టిందేమోనని మా ఆయన భయపడ్డాడు."

"కాదండీ. నిజంగానే చెత్తబండే."

"సరేలెండి. మట్టి వేసిన రోజు అట్టే జనం లేరు. ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు." ఆవిడ ముక్కు చీదింది. "మీకు చెప్పాల్సింది."

గ్లేబ్ ఫోన్ పెట్టేసి చాలాసేపు బల్ల తుడిచాడు. పిండి చెక్క సందుల్లోకి పోయింది, పుల్లతో తీశాడు. లోపల ఎక్కడో ఏదో కదులుతుందని చూశాడు కానీ, మొద్దుబారిన పంటిని నాలుకతో తడిమినట్టే ఉంది. మిగిలిన బోర్సోకులు బతీమా ఒక గిన్నెలో పెట్టి వెళ్ళింది. అవి తినే రాత్రి పడుకున్నాడు.

కంపెనీలో ఇన్నా చోటుకి ఒక కుర్రాణ్ణి తీసుకున్నారు. పేరు యెగోర్. మాట్లాడడు, అన్నీ రాసి పంపుతాడు. తప్పుల్లేకుండా పంపుతాడు. లైను కలిపి ఉంచుదామా అని గ్లేబ్ ఒకసారి అడిగితే, "ఎందుకు?" అని రాశాడు. నిజమే, కారణం చెప్పడానికి గ్లేబ్‌కి ఏమీ దొరకలేదు. గది నిశ్శబ్దంగా ఉండేది. రేడియో పెట్టి చూశాడు. అది ఎవరితోనో మాట్లాడేది, అతనితో కాదు. ఆపేశాడు.

బతీమా మాత్రం అతన్ని వదల్లేదు. ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో చూడ్డానికి రోజూ ఒకసారి గోడ మీద కొట్టేది. అతను తిరిగి కొట్టేవాడు.

మార్చిలో కింద మామత్ వాళ్ళన్న పోయాడు. బతీమా గోడ మీద కొట్టలేదు, తలుపు తీసుకుని లోపలికే వచ్చింది.

"చెప్పులు వేసుకో. మగవాళ్ళు తక్కువయ్యారు."

పోయినాయన్ని ఉంచడానికి కార్లు పెట్టుకునే చోట ఉన్ని గుడారం లేపుతున్నారు. గ్లేబ్ స్తనిస్లావ్‌కి రెండు రోజులు రానని రాసి కిందికి దిగాడు. ఒకతను అతని చేతికి పొడవాటి కర్ర ఇచ్చి, పైకప్పు చట్రాన్ని దాంతో ఎత్తి పట్టుకోమన్నాడు. చుట్టూ మిగతావాళ్ళు వాసాలు ఒక్కొక్కటే గుచ్చారు. చేతులు లాగేశాయి. ఉన్ని దుప్పట్లు కప్పి తాళ్ళు బిగించేసరికి పొద్దు వాలింది. లోపల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. బయట వరసగా నిలబడ్డ మగవాళ్ళు, వచ్చిన ప్రతి మనిషినీ చూసి గట్టిగా ఏడుస్తున్నారు. మామత్ కర్ర మీద ఒంగి, చిన్నపిల్లాడిలా అన్న పేరు పిలుస్తున్నాడు. గ్లేబ్ అతని పక్కన నిలబడ్డాడు. ఏడవలేదు. ఎవరూ అతన్ని ఏడవమనలేదు. వచ్చినవాళ్ళు మామత్ చెయ్యి పట్టుకుని, ఆ తర్వాత గ్లేబ్ చెయ్యి కూడా పట్టుకుని ముందుకెళ్తున్నారు.

తర్వాత అందరికీ టీ పోశారు. నారిన్ నుంచి బంధువులెవరో వచ్చారు. వాళ్ళలో ఒక పెద్దాయన గ్లేబ్ పక్కన కూర్చుని, అతని జుట్టూ కళ్ళూ చూశాడు.

"ఏ ఊరు బాబూ మనది?"

"ఈ మూడో అంతస్తే" అన్నాడు గ్లేబ్.

పెద్దాయన తలూపి, రొట్టె తుంచి సగం అతనికిచ్చాడు. ఇద్దరూ టీలో ముంచుకుని తిన్నారు.