కోత పండుగ వేలంలో నా ప్రోగ్రాం

సుల్తానాబాద్‌లోని మా మెథడిస్టు సంఘంలో ఇంట్లో కంప్యూటర్ ఉన్న మొదటి మనిషిని నేనే. తొంభై ఆరులో ఈ మాట చెప్పీ చెప్పీ ఊరందరి చెవులూ చిల్లులు పడేలా చేశాను. బీఎస్సీ రెండో ఏడు కంప్యూటర్ ప్రాక్టికల్ తప్పిన దెబోరాను కూడా నేనేనన్న సంగతి మాత్రం ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు.

కరీంనగర్‌లో మా కాలేజీ ల్యాబులో ఒక్కో కంప్యూటర్ చుట్టూ ఏడెనిమిది మందిమి మూగేవాళ్లం. కీబోర్డు నా దాకా వచ్చేసరికి బెల్లు మోగేది. అందుకే తప్పానని బాపుకు చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం మిర్చి బజ్జీల బండి దగ్గర గడిచింది. మళ్లీ పరీక్ష కోత పండుగ మర్నాడు, సోమవారం. అదీ తప్పితే ఏడాది పోయినట్టే.

మా బాపు ఆశీర్వాదం రైసుమిల్లులో వడ్లు తూకం వేసేవాడు. మిల్లుకు కొత్త కంప్యూటర్ రాగానే సేటును బతిమాలి పాతదాన్ని ప్రింటర్‌తో సహా ఇంటికి తెచ్చాడు. రిక్షాలో దారి పొడుగునా మానిటర్‌ను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

అది వచ్చిన రోజు నుంచి ఇంట్లో నా రాజ్యం మొదలైంది. చెప్పులతో గదిలోకి రావద్దు. పోపులో ఎండు మిరపకాయలు వేయొద్దు, ఘాటుకు దగ్గితే వైరస్ పడుతుంది. ఈ చివరిది మా అవ్వ మగ్దలేనమ్మను భయపెట్టడానికి చెప్పాననుకునేరు, కాదు, నేనూ నమ్మాను. పది రోజులు మా ఇంట్లో చప్పిడి పప్పే.

ఒకరోజు తెర నల్లగా ఉండిపోయింది. అవ్వ తుడిచి పాడుచేసిందని అరిచాను. బాపు కరెంటు సరిగ్గా పెట్టలేదని అరిచాను. నా బతుకు ఆగమైందని నేల మీద కూలబడి ఏడ్చాను. బాపు పక్కన మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆమెన్ అనేలోపు మానిటర్ కింద వెలుతురు తగ్గించే బిళ్ల కనబడింది. దాన్ని తిప్పింది నేనే, ముందురోజు, కళ్లు మండుతున్నాయని. చప్పుడు చేయకుండా తిప్పేశాను. తెర వెలిగింది. బాపు దేవునికి స్తోత్రం చెప్పాడు. నేనూ చెప్పాను, ఏం చేస్తాను మరి!

పరీక్షకు ఒక ప్రోగ్రాం రాసి, దాని ఫలితం ప్రింటు తీసి రికార్డు పుస్తకంలో పెట్టుకుని పోవాలి. ప్రింటు లేకపోతే లోపలికే రానివ్వరు. పేర్లను ఇంగ్లీషు అక్షరాల వరసలో పేర్చే ప్రోగ్రాం ఎంచుకున్నాను. దాని వెనక నా కడుపుమంట ఒకటుంది. మా చర్చిలో పేర్లు పిలిస్తే, ముందు బెంచీలో కూర్చునే సంఘపెద్ద బక్కయ్యది మొదట, గుమ్మం దగ్గర చాప మీద కూర్చునే మా బాపుది చివర. అక్షరాల వరస అయితే ఆశీర్వాదం అందరికంటే ముందు రావాల్సిందే! అందుకే సంఘంలోని పేర్లన్నీ కంప్యూటర్‌కు ఎక్కించాను.

"బాపూ, ఈసారి నీ పేరే ఫస్టు. బక్కయ్య పెద్దబాపు నీ ఎనుక నిలవడాలె," అన్నాను.

"ఊకో బిడ్డా, ఎవరన్న ఇంటరు," అన్నాడు గానీ, మీసాల చాటున నవ్వాడు.

శనివారం సాయంత్రం ప్రింటు కొట్టాను. ప్రింటర్ కర్రుకర్రుమంటుంటే నేను కాగితాన్ని చూస్తే కదా! కిటికీ బయట ఎవరైనా నిలబడి వింటున్నారా అని చూశాను. మిల్లువాళ్లు వాడేసిన సిరా రిబ్బన్ ఆ ఒక్క కాగితంతోనే ఆరిపోయింది. అయితేనేం, పని అయిపోయిందని కాలు మీద కాలేసుకున్నాను.

ఆదివారం మా కోత పండుగ. సంఘంలో ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి దేవుడికి ఇస్తారు. ఆరాధన అయ్యాక చర్చి ముందు వాటిని వేలం వేస్తారు. ఇచ్చినవాళ్లు తమది తాము పాడుకోకూడదు. గుమ్మడికాయలు, కోళ్లు, కొత్త బియ్యం వరసగా పెట్టి ఉన్నాయి. వాటి నడుమ మడిచిన నా ప్రింటు!

"అవ్వా! గది నా పరీచ్చ కాయితమే!"

"మన ఇంట్ల కంప్యూటరు ఇచ్చిన మొదటి పంట గదనే. మొదటిది దేవునికియ్యమా?" అంది అవ్వ, ఎంతో నెమ్మదిగా.

లాక్కుందామని ముందుకు ఉరికాను. అప్పటికే బక్కయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "గిదేందమ్మా? జర అందరికి సమజయ్యేటట్టు చెప్పు," అన్నాడు.

అంతే, పరీక్ష మర్చిపోయాను. అంతమంది నా వైపే చూస్తుంటే నోరు ఊరుకుంటుందా? "మన పేర్లే పెద్దబాపూ. ఎవరి మొకం చూడకుంట కంప్యూటర్ వరస పెట్టింది. మనిషి తప్పు చేస్తడు గని కంప్యూటర్ చెయ్యది. సదువు," అన్నాను.

చాప మీద బాపు చొక్కా గుండీ పెట్టుకుని, నిటారుగా కూర్చున్నాడు.

బక్కయ్య కళ్లజోడు సవరించుకుని మొదటి పేరు చదివాడు. "బక్కయ్య."

ఒకసారి ఆగి, మళ్లీ చూసుకుని, నవ్వు ఆపుకోలేకపోయాడు. "సూసిండ్రా! మిషిన్ సుత నన్నే ముంగట పెట్టింది!"

అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నా పేరు, అవ్వ పేరు, అందరి పేర్లూ వచ్చాయి. కాగితం అయిపోయింది. ఆశీర్వాదం రాలేదు. "ఏం ఆశీర్వాదం, మీ ఇంటి మిషినే నిన్ను ఎల్లగొట్టిందా?" అని ఎవరో వెనక నుంచి వేళాకోళం చేశారు. బక్కయ్యే పోటీపడి కాగితాన్ని పాడుకున్నాడు.

బాపు చాప మడుస్తూ నాతో మెల్లగా అన్నాడు. "పోనియ్యి బిడ్డా. ఎవరు ముందుండాల్నో మిషిన్‌కు సుత ఎరుకే."

ఆ మాట కొరడాతో కొట్టినట్టు తగిలింది. ఇంటికి పరుగెత్తి కంప్యూటర్ పెట్టాను. తప్పు ఎదురుగానే ఉంది. మనం ఒకటి నుంచి లెక్కపెడతాం, నేను ప్రోగ్రాం రాసిన కంప్యూటర్ భాష సున్నా నుంచి లెక్కపెడుతుంది. మొదటి పేరు సున్నా గదిలో కూర్చుని ఉంటే, నేను ఒకటో గది నుంచి పిలిచాను. బాపు తన చోటులోనే, అందరికంటే ముందే కూర్చుని ఉన్నాడు. పిలవనిది నేను. ఎంత గాడిదను!

"బాపూ, నువ్వే ఫస్టు! మిషిన్‌ది కాదు, తప్పు నాది," అని ఏడుస్తూ అరిచాను.

బాపు మిల్లుకు పోయి ముద్రలు వేసే ఊదా సిరా తెచ్చి, ఎండిన రిబ్బన్‌కు దూదితో అద్దాడు. ప్రింటు ఊదారంగులో వచ్చింది. మొదటి పేరు దగ్గర సిరా మరీ ఎక్కువై, ఆశీర్వాదం అనే అక్షరాలు ఉబ్బి కూర్చున్నాయి.

సోమవారం పరీక్ష పెట్టే సారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ప్రోగ్రాం సరిగా ఉందో లేదో ఎలా చూసుకున్నావమ్మా?" అని అడిగాడు.

"చర్చిలో చదివించాను సార్," అన్నాను. నవ్వి, పాస్ చేశాడు.

ఇంటికి రాగానే ఎగిరి గంతేశాను. "బాపూ, ఇంకో కాయితం కొట్టి బక్కయ్య పెద్దబాపు మొకాన పెట్టొస్తా!"

"వద్దే. ఆయన దానికి అద్దం కట్టిచ్చి గోడకు పెట్టుకున్నడట. సంబురంగున్నడు, ఉండనియ్యి," అన్నాడు బాపు.

కాసేపు ప్రింటర్ చుట్టూ తిరిగి, సిరా సీసా తెచ్చి నా ముందు పెట్టాడు.

"గని, ఒక్కటి కొట్టు బిడ్డా. జేబుల పెట్టుకుంట."