ఆగకుండా అరగంట

మోకాళ్ల మీదున్న మనిషిని పిలవకూడదు. మా అత్తమ్మ దీనమ్మ మా ఇంట్లో పెట్టిన చట్టం ఇది. పప్పు మాడినా, నల్లా వచ్చినా, ఎవరైనా ప్రార్థనలో ఉంటే మిగతావాళ్లు నోరు తెరవడానికి లేదు. పెళ్లయి బాబుపేట్‌కు వచ్చిన ఈ ఇరవై ఏళ్లలో నన్నెవరూ పిలవకుండా ఉన్న సమయం అదొక్కటే. స్నానానికి పోతే తలుపు కొట్టి టవల్ ఎక్కడుందని అడుగుతారు. కంచం ముందు కూర్చున్నానో లేదో "రెబెక్కా, ఉప్పు" అని కేక వినిపిస్తుంది. ఉప్పు డబ్బా అడిగినవాళ్ల చేతికందే దూరంలోనే ఉంటుంది, అది వేరే సంగతి. నేను చేసిన తప్పు ఈ చట్టంలోంచే పుట్టింది కాబట్టి ముందు దీన్ని చెప్పాను.

పోయిన వానాకాలంలో నాకు షుగర్ బయటపడింది. డాక్టరమ్మ గోళీలు రాసింది. రోజూ అరగంట ఏరోబిక్ వ్యాయామం కూడా చెయ్యాలంది. చెమట పట్టాలట, ఊపిరి వేగం కావాలట, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంతగా ఉండాలట. పొద్దున లేచిన దగ్గర్నుంచి నిలబడే ఉంటాను కదా, అది చాలదా అని అడిగాను. చాలదంది. మీరు ఊడుస్తూ మధ్యలో పాలు దించుతారు, బట్టలు పిండుతూ లేచి తలుపు తీస్తారు, ఒళ్లు అలుస్తుందే తప్ప గుండెకు కసరత్తు అందదు. గుండె ఒక వేగం అందుకుని ఆగకుండా అరగంట అదే వేగంలో ఉండాలి, అప్పుడే ఒంట్లో చక్కెర ఖర్చవుతుంది, గుండె గట్టిపడుతుంది అని విడమరచి చెప్పింది. ఆగకుండా అన్న మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. నలభై మూడేళ్ల బతుకులో మధ్యలో ఎవరూ ఆపకుండా చేసిన పని ఏదైనా ఉందా అని వెతుక్కున్నాను. కాన్పు ఒక్కటే గుర్తొచ్చింది.

సమాజ్ భవన్ హాల్లో పొద్దున ఆడవాళ్లకు ఏరోబిక్స్ క్లాసు ఉందని తెలిసి, పోతానని ఇంట్లో అడిగాను. మా ఆయన సుకుమార్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. అన్నం కలుపుతున్నవాడు ఆగి మరీ నవ్వాడు. "ఈ వయసుల దునుకుతవా? నువ్వు దునికితే బిల్డింగే ఊగుతది. ఇంట్ల పని జెయ్యి, గదే ఎక్సర్‌సైజు." అత్తమ్మ నవ్వలేదు. "మొగోళ్లు తిరిగే యాళ్లకు ఆడిది దునుకుడేంది? పొద్దుగాల టీ ఎవలు వెడ్తరు?" అంది. పన్నెండో తరగతి చదివే నా కూతురు అక్సా ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "మమ్మీ, ప్లీజ్, నకో, వద్దు. మా ఫ్రెండ్స్ చూస్తరు" అంది. వాళ్లిద్దరి మాటలు అలవాటే. పిల్ల అన్నదే గుచ్చుకుంది, ఎందుకంటే ఆ మాట నాక్కూడా నిజమే అనిపించింది. అద్దంలో నన్ను నేను చూసుకుని నేనే ముఖం తిప్పుకునేదాన్ని.

వారం తర్వాత అబద్ధం చెప్పాను. "అత్తమ్మా, మనసు బరువుగున్నది. రోజు పొద్దుగాల మందిరానికి పొయ్యి ప్రార్థన చేసుకుంట." మా చర్చి తలుపు తెల్లవారుజామున ఐదింటికే తీసి పెడతారు. ఎవరికి వారు వచ్చి మోకరించి పోతారు, ఎవరొచ్చారో ఎంతసేపున్నారో చూసేవాళ్లుండరు. అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పో బిడ్డా, టీ నేను వెడ్త" అంది. టీ కోసం నన్ను ఆపిన మనిషే, పట్టేసిన మోకాళ్లతో గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. సుకుమార్ ఏకంగా బండి మీద దింపుతానన్నాడు. వద్దని తప్పించుకునే సరికి తల ప్రాణం తోకకొచ్చింది.

సంచిలో పైన బైబిలు, కింద అక్సా పాత స్కూలు బూట్లు. చర్చిలో రెండు నిమిషాలు మోకరించి, పక్క తలుపులోంచి వెనక గల్లీలో ఉన్న సమాజ్ భవన్‌కు పోయేదాన్ని. మొదటి రోజు సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. నేను ఎగిరి దిగాక కాసేపటికి గానీ నా ఒళ్లు దిగడం లేదు. చున్నీని రొమ్ముల చుట్టూ రెండు చుట్లు బిగించి, చివరి వరుసలో గోడకు ఆనుకున్నట్టు నిలబడ్డాను. క్లాసు చెప్పే స్వప్న మేడం "ఏక్, దోన్, తీన్, చార్" అని మరాఠీలో లెక్కపెడుతూ, ఎవరు నెమ్మదించినా "థాంబూ నకా!" అని అరిచేది. ఆగొద్దు అని. ఇంట్లో నన్ను ఆపేవాళ్లే గానీ ఆగొద్దన్నవాళ్లు లేరు. మూడో వారంలో ఆ కేకకు కళ్లలో నీళ్లొచ్చాయి. చెమటలో కలిసిపోయాయి కాబట్టి ఎవరూ చూడలేదు. రెండు నెలలకు నడుము నొప్పి తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం లేదు, పడుకోగానే నిద్ర పడుతోంది. అయినా తిరిగొచ్చేటప్పుడు గల్లీ మలుపులో చెమట తుడుచుకుని, బూట్లు విప్పి సంచి అడుగున పెట్టి, బైబిలు చేతిలోకి తీసుకునేదాన్ని. ఆ మలుపులో నా మీద నాకే అసహ్యం వేసేది. ఎర్రబడ్డ నా ముఖం చూసి అత్తమ్మ, "ఏడ్సి ఏడ్సి ప్రార్థన చేసిందిరా" అని కొడుకుకు చెప్పేది. అది విన్నప్పుడు నేను పెట్టని ఆ టీ గొంతు దిగేది కాదు.

నాలుగో నెల రక్తపరీక్షలో మూడు నెలల సగటు షుగర్ ఎనిమిది నుంచి ఆరున్నరకు దిగింది. డాక్టరమ్మ రెండు గోళీల్లో ఒకటి తగ్గించింది. సంతోషం పట్టలేక కాగితం ఇంట్లో చూపించాను. అక్కడే దెబ్బ తిన్నాను. ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయానికి అత్తమ్మ లేచి నిలబడింది. "నా కోడలు నాలుగు నెలల సంది రోజు తెల్లారి ఈ మందిరంల మోకరించింది. ఏ డాక్టరు జెయ్యలేనిది దేవుడు జేసిండు. షుగర్ దిగింది, గోళీలు తగ్గినయి. దేవునికే స్తోత్రం!" అంది. మా పాస్టరు సిలువయ్యగారు హల్లెలూయ అన్నారు. చర్చంతా చప్పట్లు కొట్టింది. నేను చాప మీద దారప్పోగు లాగుతూ తల దించుకుని కూర్చున్నాను. దాన్ని కూడా వినయం అనుకున్నారు.

నా పక్కన కూర్చున్న లస్మవ్వ నా చెయ్యి పట్టుకుంది. పదేళ్ల నుంచి షుగర్ ఆమెకు, కిందటేడు కాలి వేలు ఒకటి తీసేశారు. "బిడ్డా, నీ దేవుడే గదా నా దేవుడు. రేపటి సంది నేను గూడ గోళీలు బంద్ జేస్త. పొద్దుగాల వచ్చి నీ పక్కకే మోకరిస్త" అంది.

"వద్దవ్వా. గోళీలు మాత్రం ఇడువద్దు" అన్నాను గుసగుసగా.

ఆమె నవ్వి నా చెయ్యి నొక్కింది. "గట్లనకు. విశ్వాసం తక్కువైతది."

పాట మొదలు పెట్టబోతున్నారు. నిజం చెబితే నా ఒళ్లు, నా ఎగురుడు, నా అబద్ధం అందరి నోళ్లలో పడతాయి. సుకుమార్ రేపు గనిలో తలెత్తుకోలేడు. అత్తమ్మ ఈ చర్చిలో మళ్లీ సాక్ష్యం చెప్పదు. చెప్పకపోతే లస్మవ్వ కాలు పోతుంది, ఆ తర్వాత మనిషే పోతుంది. ఇంత తెలిసీ లేవడానికి నాకు మనసొప్పలేదు. ముసలామె కాలు ఒకవైపు, నా పరువు ఒకవైపు పెట్టుకుని ఇంకా ఆలోచిస్తున్నానని తెలిసినప్పుడు, అంతకు ముందు పడ్డ సిగ్గులేవీ సిగ్గులే కావనిపించింది.

"అయ్యగారూ, గా సాక్ష్యం నాది. నేను జెప్త" అని లేచాను.

మైకు ఇవ్వబోయారు, తీసుకోలేదు. "నేను మందిరంల రోజు రెండు నిమిషాలే ఉన్న. అరగంట వెనక గల్లీల, సమాజ్ భవన్‌ల దునికిన. చెమటలు కారంగ దునికిన. డాక్టరమ్మ ఇచ్చిన గోళీలు ఒక్క పూట గూడ ఇడువలే. గందుకే షుగర్ దిగింది. లస్మవ్వా, నా అబద్ధం నమ్మి నువ్వు గోళీలు ఇడిస్తే, నీ పాణం నేను దీసినట్టు."

దునికిన అన్నప్పుడు వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మగవాళ్ల వరుసలో సుకుమార్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. లస్మవ్వ నా చెయ్యి వదిలేసింది. అత్తమ్మ మెల్లగా నా వైపు తిరిగింది.

"దేవుని పేరు జెప్పి అబద్ధమాడినవా, రెబెక్కా?"

చెవులు, మెడ కాలిపోతున్నాయి. తప్పైంది అని కూర్చుంటే అక్కడితో అయిపోయేది. కూర్చోలేదు.

"దేవునికి తెల్సు అత్తమ్మా, నేను యాడున్ననో. అబద్ధం జెప్పింది మీకే. నాకు అరగంట గావాలంటే మీరు నవ్విన్రు. గదే అరగంట దేవునికని అంటే, అడగంగనే ఇచ్చిన్రు."